అర గ్లాసు ఉస్తి రసం

పొద్దున్న ఏం తింది, అని నర్సు అడిగితే అన్నం, పప్పు అన్నాడు, ఇంకేమీ లేదా అంటే లేదన్నాడు, ఆమె చేతిలోని కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్లిపోయింది, తలుపు రెక్కలు రెండూ కాసేపు ఊగి ఆగిపోయాయి. లేదు అన్న ఆ రెండక్షరాలూ తన నోట్లోంచే వచ్చాయి, ఎవరూ బలవంతం చేయలేదు, కత్తి పెట్టి అడగలేదు, అడిగింది చెమట పట్టిన మెడతో, అలసిపోయిన కళ్లతో ఉన్న ఓ ఆడపిల్ల, తన కూతురి వయసే ఉంటుంది. తలుపు అవతల కూతురుంది. ఏడో నెల. అరగంట కిందట వంటింట్లో గిన్నెలు తోముతూ నాన్నా, నోట్లో నీళ్లూరుతున్నాయి, అంది, నవ్వుతూనే అంది, పుల్లటిదేమైనా తినాలనిపిస్తోందేమో అనుకున్నాడు, చూసేసరికి గడ్డం మీద నుంచి చొంగ కారుతోంది, రవిక తడిసిపోయింది, నుదుటి మీద చెమట వాన చినుకుల్లా నిలబడి ఉంది, కళ్లు ఎక్కడో చూస్తున్నాయి, వాంతి చేసుకుంటూ అలాగే గోడకి ఆనుకుని జారిపోయింది. పక్కింటాయన ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. దారంతా దాని చెయ్యి పట్టుకునే ఉన్నాడు, చర్మం కింద చిన్న చిన్న కండలు వాటంతటవే అదురుతున్నాయి, గుప్పిట్లో పిచ్చుకని పట్టుకున్నట్టు. ఇప్పుడు ఆ చెయ్యి తలుపు అవతల ఉంది, తన చెయ్యి ఈ చెక్క బల్ల మీద ఉంది, బల్ల మీద ఎవరో గోటితో గీసిన గీతలున్నాయి, ఎంతమంది కూర్చుని ఉంటారో ఇక్కడ, ఎంతమంది నిజం చెప్పి ఉంటారో.

చెప్పాల్సింది అర గ్లాసు ఉస్తి రసం సంగతి. అంతే, అర గ్లాసు. ఉస్తికాయలు విషం కావు, అది అతనికి తెలిసినంత ఆ లోపలున్న డాక్టర్లకి కూడా తెలియదు, ముప్పయ్యేళ్లుగా నర్సరీలో అంటు కట్టే పని అతనిది, అందరూ అంటు మేస్త్రి అనే పిలుస్తారు, సొంత పేరు జీతం రోజున తప్ప వినపడదు. ఉస్తి వంకాయకి అడవి అక్క. చెల్లెలు నునుపుగా, సుకుమారంగా, నాలుగు వానలు ఎక్కువ పడితే వేరు కుళ్లి వాడిపోతుంది, అక్క ముళ్లతో, గరుకు ఆకులతో, గుడ్డి వెలుతురులో, రాళ్లలో, మురికి కాలవ గట్టున ఎక్కడైనా బతికేస్తుంది. అందుకే ఉస్తి మొలకని వేలెడు ఎత్తున ఏటవాలుగా కోసి, దాని మీద వంగ మొలక తల కూర్చి, చిన్న క్లిప్పు పెట్టి, వారం రోజులు చీకటి గుడారంలో తడిగా ఉంచితే రెండూ ఒకటైపోతాయి, కింద అక్క, పైన చెల్లెలు. రోజుకి ఎనిమిది వందల మొక్కలు కట్టేవాడు, ఇప్పుడు చూపు తగ్గి ఆరు వందలు. విత్తనం కోసం నర్సరీ వెనక గోడ పొడుగునా ఉస్తి చెట్లని కంచెలా పెంచుతారు, తెల్లటి చుక్కల్లా పూలు, బఠాణీ గింజలంత పచ్చటి కాయలు గుత్తులు గుత్తులుగా, ఎవరూ తినరు వాటిని, అతనికి తప్ప ఎవరికీ తెలియదు తినొచ్చని. నిన్న సాయంత్రం పని దిగి వస్తూ రుమాల్లో రెండు గుప్పిళ్లు కోసుకొచ్చాడు.

రక్తం ఎనిమిదే ఉంది, అని పోయినసారి పరీక్షలో చెప్పారు, పది దాటాలి, మాత్రలు రాసిచ్చారు, మాత్ర మింగితే చాలు కడుపులో తిప్పి కక్కేసేది. ఎనిమిది అన్న అంకె అతని బుర్రలో మేకులా దిగబడిపోయింది. పనిలో క్లిప్పులు లెక్కపెడుతూ ఎనిమిది దగ్గర ఆగిపోయేవాడు. తల్లి పోయినప్పుడు కూతురికి తొమ్మిదేళ్లు, జ్వరం అని మూడు రోజులు పడుకుని నాలుగో రోజు లేవలేదు, అప్పటి నుంచి వంటా తనే, జడా తనే, మొలకలు కూర్చే చేతికి జడ ఒక లెక్కా అనుకున్నాడు గాని మొదటి నెల రోజులు పిల్ల బడికి తాడు పేనినట్టున్న జడతో వెళ్లింది, ఎవరైనా నవ్వితే మా నాన్న వేశాడు అని గొప్పగా చెప్పుకునేదట. అలాంటి పిల్లకి రక్తం ఎనిమిది. అమ్మ గుర్తొచ్చింది అతనికి. అమ్మ రైలు పట్టాల పక్కన కంకర కొట్టేది, మధ్యాహ్నం తిండి వేళ పట్టాల పక్క గుంటల్లో ఉస్తికాయలు ఏరి ఒళ్లో పోసుకునేది. చితక్కొట్టి ఉప్పు నీళ్లలో ఊరేసి గోనెసంచి మీద ఎండబెట్టేది, వేయించి అన్నంలో పెట్టేది, కడుపులో పాములకి ఒక ముద్ద, దగ్గుకి ఒక ముద్ద, కాన్పైన పక్కింటామెకి డబ్బాతో ఇచ్చేది, ఇక మరీ పాలిపోయినవాళ్లకి పచ్చి కాయలు దంచి రసం పిండి తాగించేది, కడిగి కడిగి చేదు పోగొట్టకండి, బలం కూడా నీళ్లతో పోతుంది, అనేది. ఆ మాట పట్టుకున్నాడు తను. ఒక్కసారే కడిగాడు. నిజానికి రెండోసారి కడగబోతే కుళాయిలో నీళ్లు సన్నగిల్లాయి, సరే చాలులే అనుకున్నాడు. సరే చాలులే.

ఏదో వాసనగా ఉంది నాన్నా, అంది గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని. పచ్చి వాసనే అమ్మడూ, నీకిప్పుడు నీళ్లు కూడా వాసనే, కళ్లు మూసుకుని తాగెయ్, అన్నాడు. అతని ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది, నర్సరీలో పనిచేసే పాతవాళ్లందరి ముక్కులూ అంతే, గులాబీకీ పెంట కుప్పకీ తేడా తెలియదు, దాని ముక్కు బతికే ఉంది, అది చెప్పింది, తను వినలేదు. ముఖం చిట్లించి, నాలుక బయటపెట్టి, మందు తాగే చిన్నపిల్లలా రెండు గుక్కల్లో మింగేసింది. నీకో, అంది. నేను లోపల తాగేశాలే, అన్నాడు. అదీ అబద్ధమే. చేదంటే అతనికి చిన్నప్పటి నుంచీ పడదు. తాగి ఉంటే ఇప్పుడు తనూ ఆ తలుపు అవతల పక్క మంచం మీద ఉండేవాడు, ఎంత బాగుండేది, ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

తలుపు తెరుచుకుంది. నర్సు ఒక్కతే, చేతిలో అదే కాగితం. ఈసారి బల్ల దగ్గరికి వచ్చి కొంచెం వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"పెద్దాయనా, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?"

"గొడవలా? లేవమ్మా."

"మీ అల్లుడు ఎలాంటివాడు? కొడతాడా? దాచకండి. అమ్మాయి పురుగుల మందు తాగినట్టు కనబడుతోంది. కంటిపాపలు చూస్తే ఆవగింజంత అయిపోయాయి. ఇంజెక్షన్లు మొదలుపెట్టాం గాని ఏ మందో, ఎంత తాగిందో తెలిస్తే డాక్టరమ్మకి పని తేలికవుతుంది. కడుపులో బిడ్డ కూడా ఉంది కదా. పోలీసులకి కూడా చెప్పాలి, అది మా పద్ధతి. కాసేపట్లో వచ్చి రాసుకుంటారు."

పురుగుల మందు. అల్లుడు కొడతాడా. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు, ఊరి ఆ చివర ఏదో పన్నెండంతస్తుల బిల్డింగులో ఇరుక్కుపోయిన లిఫ్టు దగ్గర ఉన్నాడు, ఫోను చేస్తే వస్తున్నా మామయ్యా, నలభై నిమిషాలు, మీరు కంగారుపడకండి, అన్నాడు, కంగారుపడకండి అన్న మనిషి గొంతే వణికింది. వాడు కొట్టడమా. బొద్దింకని చంపమంటే కాగితం మీదికి ఎక్కించుకుని బయట వదిలేసి వస్తాడు. ఆ మనిషి ఇప్పుడు మెట్లెక్కి వస్తాడు, ఎదురుగా పోలీసాయన నిలబడి, నీ భార్య మందు ఎందుకు తాగిందయ్యా అని అడుగుతాడు. అది మందు తాగలేదు. ఇల్లంతా వెతికినా ఇంట్లో మందనేది లేదు. అయితే ఆ మందు ఎక్కడి నుంచి వచ్చింది, దాని కడుపులోకి ఎలా వెళ్లింది, అని అనుకుంటూ ఉండగానే అతనికి తెలిసిపోయింది, తెలిసిపోయిందని ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు, నర్సు ఇంకా వంగే ఉంది, ఆమె మెడలోని గుర్తింపు కార్డు తన ముఖం ముందు ఊగుతోంది. "కొట్టడమ్మా, మంచివాడు," అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. ఆమె ఒక క్షణం చూసి వెళ్లిపోయింది. పిలవాలి. అమ్మా, ఆగు, అనాలి. నాలుక పైకి లేవలేదు. నోరు ఎండిపోయి అంగిటికి అతుక్కుపోయింది. అక్కడేమో కూతురి నోట్లో నీళ్లు ఆగడం లేదు.

గోడ గడియారంలో ముల్లు కదిలినప్పుడల్లా చిన్నగా టిక్కుమంటోంది. ఎదుటి బల్ల మీద ఓ ముసలామె చెప్పులు విప్పి, కాళ్లు పైకి పెట్టుకుని నిద్రపోతోంది, ఆమెకి భయం లేదా, లేక అన్ని భయాలూ అయిపోయాయా. ఏం భయం తనకి? జైలా? కాదు. రేపు కూతురు లేచి, నువ్వే ఇచ్చావు కదా అని చూసే చూపు. లేవకపోతే, ఆ చూపు కూడా ఉండదు. అమ్మకి ఒకసారి ఇలాగే అయింది. తనకి ఏడేళ్లుంటాయేమో, కంకర పనివాళ్ల రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు, నాలుగో ఇంట్లో పసివాడికి అమ్మ ఉస్తికాయల ముద్ద తినిపించిన రోజే వాడికి ఒళ్లు కాలిపోయి ఫిట్స్ వచ్చాయి. వాళ్ల నాన్న పార పట్టుకుని వచ్చాడు. తను నీళ్ల డ్రమ్ము వెనక దాక్కున్నాడు, డ్రమ్ముకి తుప్పు పట్టి చిల్లు ఉంది, ఆ చిల్లులోంచి అమ్మ కాళ్లు కనపడ్డాయి, పగిలిన మడమలు, కంకర దుమ్ము. ఆ కాళ్లు వెనక్కి పోతాయనుకున్నాడు. పోలేదు. నేనే పెట్టాను, ఇవే పెట్టాను, అని అమ్మ గోనెసంచి మీది కాయలు పిడికెడు తీసి, ఆ మనిషి ముందే నమిలింది, కరకరమని చప్పుడు వినపడింది తనకి. తర్వాత ఆ పార అక్కడే పడేసి ఇద్దరూ కలిసి పసివాణ్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తారు, అది మామూలు జ్వరమేనట, వాడు బతికాడు. ఆ రోజు అమ్మ ఇంటికొచ్చి గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది, తప్పు నాది కాదని తెలిసినా కాళ్లు వణికాయిరా, అంది. వణికిన కాళ్లు ఆ చిల్లులోంచి తనకి కనపడలేదు, నిలబడ్డ కాళ్లే కనపడ్డాయి. అమ్మ కోసిన గుంటలో వాన నీళ్లు తప్ప ఏమీ పడేవి కావు. తను కోసింది నర్సరీ కంచెలో. కంచెకి అవతల టమాటా మొలకల మడులు, మడుల మధ్య ట్యాంకు వీపున వేసుకుని తిరిగే మనిషి.

ఆ మనిషిని అందరూ డబ్బా అంటారు, వీపు మీద ఎప్పుడూ మందు ట్యాంకు ఉంటుంది కాబట్టి, యాభై దాటినవాడు, తనతో పాటే చేరినవాడు. అతనికి ఫోను చేశాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు.

"ఏంటి మేస్త్రీ, నీ సెలవు రోజు కూడా నా మీద ప్రేమ కారిపోతోందా?"

"ఒరేయ్ డబ్బా, నిన్న వెనక ఉస్తి కంచెకి ఏమైనా కొట్టావా?"

"ఉస్తికా? దానికెందుకు కొడతానురా, దాన్ని దెయ్యం కూడా ముట్టదు."

ప్రాణం లేచొచ్చింది. గోడకి తల ఆనించాడు. అవతల డబ్బా ఎవరికో పైపు తిప్పమని చెప్తున్నాడు, మళ్లీ ఫోనులోకి వచ్చాడు.

"ఆగాగు. నిన్న మధ్యాహ్నం టమాటాకి కొట్టాక ట్యాంకులో అడుగున ఓ లీటరు మిగిలింది. కాలవలో పోస్తే సూపర్‌వైజరు తిడతాడని ఆ కంచె మీద కొట్టి ఖాళీ చేశా. అవును, కంచె మీదే. ఎందుకురా?"

చెప్పాడు. అవతల నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

"నువ్వు కోసుకెళ్తావని నాకేం తెలుసురా," అన్నాడు డబ్బా చివరికి. "ఎవరూ తినరు కదరా వాటిని."

"సీసా ఉందా?"

"ఉంది, ఉంది."

"దాని మీది కాగితం ఫొటో తీసి పంపు. ఇప్పుడే. ఎంత నీళ్లలో ఎంత కలిపావో అది కూడా రాయి."

ఫొటో వచ్చేలోపు గడియారం ముల్లు ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టలేదు. ఇంకా సమయం ఉందని ఒక గొంతు లోపల గుసగుసలాడుతూనే ఉంది, ఫోను ఆపేసి జేబులో పెట్టేసుకో, ఎలాగూ ఇంజెక్షన్లు ఇస్తున్నారుగా, లేచాక దాన్నే అడుగుతారు, అది నాన్న పేరు చెప్పదు, ఆ పిల్ల సంగతి నీకు తెలుసు, తాడులాంటి జడ వేసినా నాన్న వేశాడని గొప్ప చెప్పుకున్న పిల్ల, నిన్ను కాపాడుతుంది. అవును, కాపాడుతుంది. అదే భయంకరమైన మాట. నేనే ఏదో తాగాను అని కూడా చెప్పేస్తుంది, దాని మొగుడి మీద మచ్చ పడినా సరే, తండ్రి మీద పడనివ్వదు. ఫోను చేతిలో కుయ్యిమంది. ఎర్రటి ముక్కోణం, పుర్రె బొమ్మ, కింద తనకి చదవడం రాని ఇంగ్లీషు అక్షరాలు, దాని కింద నీళ్లలో ఎంత కలిపాడో డబ్బా రాసిన లెక్క. లేచాడు. తలుపు రెక్క తోస్తే తేలిగ్గా తెరుచుకుంది, ఇంత తేలికైనదా ఈ తలుపు. లోపల తెల్లటి వెలుతురు, పరదాలు, ఎవరో మూలుగుతున్నారు, పెద్దాయనా బయట ఉండండి అని ఎవరో అంటున్నారు, పరదా సందులోంచి కూతురి పాదం ఒకటి కనపడింది, కదలకుండా, ఆ పాదం చూడగానే నాలుక ఊడి వచ్చినట్టు మాట బయటపడింది.

"నేనే తాగించాను డాక్టరమ్మా. అదేం తాగలేదు. నేనే ఇచ్చాను. ఉస్తికాయల రసం, అర గ్లాసు, తొమ్మిదింటికి. కాయల మీద ఈ మందు కొట్టి ఉంది, నాకు తెలియదు, ఇందాక అడిగితే రసం సంగతి చెప్పలేదు, అన్నం పప్పు అని చెప్పాను, అది అబద్ధం."

డాక్టరు చిన్న వయసు మనిషి, అతని ముఖం వైపు చూడనే లేదు, ఫోను లాక్కున్నట్టు తీసుకుని అక్షరాలు పెద్దవి చేసి చదివింది. "మేం అనుకున్న మందే," అంది నర్సుతో, "పలచనదే. ఇస్తున్న ఇంజెక్షను సరైనదే, రెండోది కూడా కలపండి." తర్వాత అతనితో, "మీరు కూడా తాగారా?" తాగలేదు. "పిండిన చేతులు కడుక్కున్నారా?" ఏమో, గుర్తులేదు. "సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి, ఆ చొక్కా మార్చండి, వెళ్లండి." అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది. కుళాయి దగ్గర నిలబడి మోచేతుల దాకా రుద్దుకున్నాడు, మళ్లీ రుద్దుకున్నాడు, ఈ కుళాయిలో నీళ్లు ధారాళంగా వస్తున్నాయి, ఆపబుద్ధి కాలేదు, వేళ్ల సందుల్లో ఉస్తికాయల పసరు మరక, ఎంత రుద్దినా గోధుమ రంగుగా అలాగే ఉంది, వెనక నుంచి ఎవరో పెద్దాయనా, మా బిందె పట్టుకోవాలి, అనే దాకా రుద్దుతూనే ఉన్నాడు.

అల్లుడు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు, చేతులకి గ్రీజు, జేబులో స్క్రూడ్రైవరు, నుదుటి మీద నల్లటి చార. ఎలా ఉంది మామయ్యా, అని అడిగే లోపే తను చెప్పేశాడు, ఆగితే మళ్లీ నాలుక అతుక్కుపోతుందని. ఏం కోశాడో, ఎక్కడ కోశాడో, ఎన్నిసార్లు కడిగాడో, వాసన వస్తోందని అది చెప్తే తనేమన్నాడో, నర్సు అల్లుడి గురించి ఏమడిగిందో, తను ఎంతసేపు నోరు మూసుకున్నాడో. అంతా. అల్లుడు వింటూ నిలబడ్డాడు. అతని దవడ కండ ఒకటి కదిలింది. "ఎంతసేపు చెప్పలేదు?" అన్నాడు. "పావుగంట. ఇరవై నిమిషాలు." అల్లుడు చెయ్యి ఎత్తాడు, తనని కొడతాడేమో అనుకున్నాడు, కొడితే సరిగ్గా ఉండేదనుకున్నాడు, ఆ చెయ్యి వెళ్లి గోడని గుద్దింది, గోడ మీద గ్రీజు ముద్ర పడింది. తర్వాత అల్లుడు బల్లకి ఆ చివర కూర్చున్నాడు. ఈ చివర తను. మధ్యలో ఇద్దరు పట్టే ఖాళీ. నిద్రలేచిన ముసలామె ఎదుటి నుంచి వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. పోలీసాయన వచ్చాడు, లావుగా, తీరిగ్గా, పెన్ను పని చేయక విదిలిస్తూ, తను మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు, అల్లుడు వింటున్నాడని తెలిసి ఏదీ తగ్గించకుండా చెప్పాడు, సంతకం పెట్టాడు. చెప్పిన కొద్దీ భయం తగ్గుతుందనుకున్నాడు. తగ్గలేదు. ఇప్పుడు దాయడానికి ఏమీ లేదు కాబట్టి భయం అంతా ఒకేవైపు తిరిగింది, ఆ తలుపు వైపు. లోపల ఇద్దరున్నారు. ఒకరికి రక్తం ఎనిమిది, ఒకరికి ఇంకా పేరు కూడా లేదు.

ఎంతసేపటికో నర్సు తలుపు తీసి అల్లుణ్ని పిలిచింది, ఒక్కరే రావాలంది. అల్లుడు వెళ్లాడు. తను లేవలేదు, లేచే హక్కు లేదనిపించింది, చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని నేల మీది రాతి మచ్చలు చూస్తూ కూర్చున్నాడు. తలుపు మళ్లీ తెరుచుకున్నప్పుడు తల ఎత్తకుండా ముందు అల్లుడి బూట్లు చూశాడు, ఆ బూట్లు తన ముందు ఆగాయి. బూట్లని బట్టి మంచో చెడో ఏం తెలుస్తుంది.

"కళ్లు తెరిచింది," అన్నాడు అల్లుడు. "బిడ్డ గుండె వినిపిస్తోంది. మిషను పెట్టి నాకు వినిపించారు. రెండు రోజులు చూస్తే గాని ఏమీ చెప్పలేమన్నారు. కానీ వినిపిస్తోంది మామయ్యా, గబగబా, పరిగెడుతున్నట్టు." గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నేను చెప్పేశాను దానికి. మీరు చెప్పేదాకా ఆగలేకపోయాను. మిమ్మల్ని రమ్మంటోంది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. రమ్మంది."

అయిదారడుగుల దూరం. పరదా పక్కకి జరిపాడు. కూతురి ముఖం తెల్లగా, చిన్నదిగా, ముక్కుకి గొట్టం, చేతికి సూది, పెదవులు ఎండి పగిలి ఉన్నాయి, పొట్ట మీద బెల్టులాంటిదేదో కట్టారు. కళ్లు తన వైపే ఉన్నాయి. ఆ కళ్లలో ఏముందో చదవడానికి ధైర్యం చాలక మంచం కాలి చివర, చక్రం దగ్గర నిలబడిపోయాడు. అది చాలాసేపు చూసింది. నవ్వలేదు. ఏడవలేదు. తర్వాత దుప్పటి కింద మెల్లగా, ఎంతో కష్టపడి, రెండు కాళ్లూ ఒక పక్కకి జరిపింది. మంచం అంచున ఒక మనిషి పట్టేంత చోటు వచ్చింది.

అతను కూర్చున్నాడు.